ఇద్దరి రేవు, అద్దరి బస్సు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగిపోయినప్పుడు మా మనవరాలు ఫోను చేతిలో తిప్పుతూ, "అమ్మమ్మా, నువ్వు పుట్టిన ఊరు ఇక్కణ్ణించి ఎంత దూరం?" అని అడిగింది.

"ఏ నెలలో?" అన్నాను.

అది పకపకా నవ్వింది. ముందు సీట్లో దాని మొగుడూ నవ్వాడు. నేను వేళాకోళానికి అన్నాననుకున్నారు. నా చిన్నతనంలో ఆ ప్రశ్నకి అంతకన్నా సరైన జవాబు లేదు. మా ఊరు బెజవాడకి ఒక్కో నెలలో ఒక్కో దూరాన ఉండేది.

కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ బెజవాడ మాకు దగ్గరే. దీపాలు పెట్టే వేళకి రేవులో పడవెక్కి చాప పరుచుకుంటే, తెల్లారి కళ్ళు నులుముకునేసరికి బెజవాడ. వానాకాలంలో అయితే బెజవాడ దగ్గర, పక్క ఊరు దూరం. పొలాలకి ఆవల కళ్ళెదుట కనిపించే ఊరికి వెళ్ళాలన్నా రేగడి బురద మోకాలి బంటి. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచెలు ఎగగట్టుకుని, ఒక్కో కాలూ పీక్కుంటూ నడవాలి. ఇక ఎండాకాలం కాలువలు కట్టేశారంటే బెజవాడ ఎక్కడికో వెళ్ళిపోయేది. బండి కట్టుకుని కోడికూతకి బయల్దేరి, దారిలో వండుకు తిని, ఎద్దులకి నీళ్ళెక్కడ దొరుకుతాయా అని వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆ రెండు నెలలూ మా ఊళ్ళో ఎవరికీ జబ్బు చేయకూడదని ఆడవాళ్ళు మొక్కుకునేవాళ్ళు.

మా ఊరంటే నిజానికి రెండు ఊళ్ళు. మధ్యలో కాలువ. ఇటు మేము, అటు వాళ్ళు. మా ఒడ్డుని ఇద్దరి అనీ, అవతలి ఒడ్డుని అద్దరి అనీ అనేవాళ్ళం. వాళ్ళేమో తమదే ఇద్దరి, మాదే అద్దరి అనేవాళ్ళు. వంతెన ఎక్కడో ఎగువన లాకుల దగ్గర ఉంది. మామూలు రోజుల్లో ఒడ్డు మారాలంటే తాటిదోనె ఎక్కాలి. అది నడిపే ముసలాయన మధ్యలో దోనె ఆపి చుట్ట వెలిగించుకునేవాడు. ఆ చుట్ట పూర్తిగా అంటుకునేదాకా ఎవరూ ఏ ఒడ్డుకీ చెందరు.

మా అమ్మది అద్దరి. మా పెరటి గుమ్మంలో నిలబడితే కాలువ అవతల మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు, పశువుల కొట్టం, దడి మీద ఆరేసిన చీరలూ కనిపించేవి. అంత దగ్గరున్న పుట్టింటికి మా అమ్మ వెళ్ళకూడదు. నాకు బుద్ధి తెలిసినప్పటినించీ వెళ్ళలేదు.

దానికి కారణం పడవ. మొదట్లో పడవ ఆగే రేవు అద్దరిలో ఉండేదట. పడవ లాగే మనుషులు మాత్రం తాడు భుజాన వేసుకుని మా గట్టు మీద నడిచేవాళ్ళు. అద్దరిలో ఆగాలంటే తాడు విప్పి, గెడలు వేసి, పడవని అవతలికి తొయ్యాలి. మళ్ళీ ఇటు తేవాలి. అది వాళ్ళకి ప్రాణాంతకంగా ఉండేది. మా గట్టుకి రాతిమెట్లు కట్టిన ఏడాది మా తాతయ్య, అంటే మా నాన్న వాళ్ళ నాన్న, వెళ్ళి పడవవాళ్ళతో మాట్లాడాడు. అంతే, రేవు ఇటు మారిపోయింది. అప్పటికి అమ్మ కాపురానికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు.

అద్దరి తాతయ్యకి, అంటే అమ్మ వాళ్ళ నాన్నకి, అది కడుపులో పొడిచినట్టయింది. ఒక పెళ్ళిలో పదిమంది ముందూ, "పిల్లనీ తీసుకెళ్ళాడు, పడవనీ తీసుకెళ్ళాడు. ఇంకేమన్నా మిగిలిందేమో వచ్చి చూసుకోమనండి," అన్నాడట. మా తాతయ్య తింటున్న విస్తరి ముందునించి లేచాడు. "ఇక మా కోడలు ఆ గడప తొక్కదు," అన్నాడు. ఆయనేమో, "ఇద్దరి మనిషి నా వాకిట్లోకి రానక్కర్లేదు, మా వాళ్ళు అటు పోనక్కర్లేదు," అన్నాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులని పేరు. ఆ పేరు నిలబెట్టింది మా అమ్మా అమ్మమ్మా.

పొద్దున్నే అమ్మమ్మ బిందె తీసుకుని అద్దరి గట్టు దిగేది. అదే వేళకి అమ్మ ఇటు దిగేది. మధ్యలో నీళ్ళు. ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు.

"చంటాడికి దగ్గు తగ్గిందటే?"

"తగ్గలేదమ్మా!"

"వాము నిప్పుల మీద వేసి, గుడ్డలో మూటకట్టి రొమ్ముకి కాపడం పెట్టు!"

ఈలోగా పడవ ఒకటి మధ్యనించి వెళ్ళేది. ధాన్యం బస్తాల మీద కూర్చున్నవాడు, "వాముతో తగ్గదు తల్లీ, తమలపాకు వెచ్చచేసి వెయ్యి!" అని సలహా ఇచ్చి సాగిపోయేవాడు. అమ్మ నీళ్ళాడబోయేదెప్పుడో, అమ్మమ్మకి మోకాళ్ళు పట్టేసిందీ, ఎవరి గేదె ఈనిందీ రెండూళ్ళకీ తెలిసేది. అరిచి చెప్పగలిగిన మాటలన్నీ వాళ్ళు చెప్పుకున్నారు. అరిచి చెప్పలేని మాటలు తల్లీ కూతుళ్ళకి ఎన్ని ఉంటాయో నాకు పెళ్ళయ్యాక గాని తెలియలేదు.

పిల్లలకి ఆ పంతం లేదు. మేము అటూ ఇటూ తిరిగినా పెద్దవాళ్ళు చూడనట్టు ఉండేవాళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే మరీ స్వేచ్ఛ. కాలువ కట్టేసిన నాలుగు రోజులకి నీళ్ళు లాగేసి, నాచు వాసనా, ఎండే బురద వాసనా, చచ్చిన గుల్లల వాసనా కలిసి ఊరంతా కమ్ముకునేది. గుంటల్లో మిగిలిన జెల్లలూ కొరమీనులూ పట్టేవాళ్ళు, ఇళ్ళకి మట్టి తోలుకునేవాళ్ళు, ఇసుకలో చెలమలు తవ్వి మంచినీళ్ళు తోడుకునేవాళ్ళు అందరూ కాలువలోనే. ఎప్పుడో రేవులో జారిపోయిన చెంబులూ మట్టెలూ అప్పుడు దొరికేవి. "ఇది మాది" అంటే "మాది" అని తగువులు. పెద్దిళ్ళ కోడళ్ళు మాత్రం ఎండిన కాలువలోకి దిగేవాళ్ళు కాదు. గట్టు మీదనించి చూడ్డమే.

అమ్మమ్మ నా చేతికి సున్నుండల డబ్బా ఇచ్చి, "మీ అమ్మకివ్వు," అనేది. నేను కాలువ నడిమధ్య ఇసుక మీద కూర్చుని, ఎవరి ఊరూ కాని చోట, తినగలిగినన్ని తిని మిగిలినవి తీసుకెళ్ళేదాన్ని. అమ్మ డబ్బా మూత తీసి చూసి, "మా అమ్మ చెయ్యి ఈమధ్య చిన్నదైపోతోంది," అని నావంక చూసి నవ్వేది.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరక్క, బట్ట దొరక్క, పెద్దవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి దొరకడం లేదని మాట్లాడుకునే కాలం. అలాంటి ఒక ఎండాకాలం, కాలువలు కట్టేశాక, అద్దరి గట్టు మీదికి బస్సు వచ్చింది.

పెట్రోలు దొరకదు గనక అది బొగ్గుతో నడిచే బస్సు. వెనక నిలువెత్తు ఇనప పీపా. అందులో బొగ్గులు పోసి, ఒక మనిషి చక్రం లాంటి పిడి గిరగిరా తిప్పుతుంటే, ఆ గ్యాసుతో ఇంజను అంటుకునేది. ఒక్కోసారి తొందరగా అంటుకునేది. ఒక్కోసారి ఈలోగా వంట చేసుకుని తినిరావచ్చు. బస్సు వస్తుంటే ముందు పొగ, తర్వాత కంసాలి కొలిమి వాసన, ఆ తర్వాత చప్పుడు, చివరికి బస్సూ వచ్చేవి. దిగినవాళ్ళ మొహాలన్నీ మసి.

గట్టు వెడల్పుగా ఉన్నది అద్దరిలో. అందుకని అది అటు వచ్చింది. మా ఒడ్డుకి వచ్చే వీలే లేదు. అద్దరి తాతయ్య మీసానికి నూనె రాసుకోవడం మొదలుపెట్టాడని మా నాయనమ్మ అంది. బస్సు ఆగే చోట ఆయన తాటాకు పందిరి వేయించాడు. నీళ్ళ కుండలు పెట్టించాడు. వచ్చేపోయేవాళ్ళకి మజ్జిగ. పొద్దున బస్సు వెళ్ళేదాకా ఆ పందిట్లోనే, పెళ్ళికొడుకు తండ్రిలా తిరిగేవాడు.

మా తాతయ్య ఇటు అరుగు మీద కూర్చుని ఆ పొగ చూసి, "ఆ కుంపటిబండి ఎక్కేవాడికి బుద్ధుండాలి," అనేవాడు. మా ఒడ్డువాళ్ళు ఎవరైనా కాలువలో దిగి బస్సుకి వెళ్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "కుంపట్లో వెళ్ళినవాడు" అనేవాడు.

అప్పుడు ఆయనకి పన్ను నొప్పి వచ్చింది.

ఆవకాయల రోజులు. ఇల్లంతా ఆవపిండి ఘాటు, కారం ఘాటు, గానుగ నూనె వాసన. పెద్ద గాబులాంటి జాడీలో కలిపిన ఆవకాయ అడుగున మిగిలిన గుండలో వేడన్నం కలిపి నాయనమ్మ అందరికీ ముద్దలు పెడుతోంది. తాతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయాడు. రుచికనుకున్నాం. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కారానికనుకున్నాం. ముద్ద చేతిలోకి తీసేసి లేచి వెళ్ళిపోయాడు.

లవంగం పెట్టారు. ఉప్పు కాపడం పెట్టారు. వాకుడుకాయలు నిప్పుల మీద వేసి ఆ పొగ పట్టించారు. పొగ పడితే పన్నులోని పురుగులు రాలిపడతాయని ఒకావిడ కళ్ళార్పకుండా కింద పళ్ళెం పట్టుకుని కూర్చుంది. పురుగులు రాలేదు, తాతయ్య దగ్గి దగ్గి స్పృహ తప్పినంత పనయింది. చెంప ఉబ్బి నున్నగా మెరిసింది. నోరు తెరుచుకోవడం మానేసింది. జావ కూడా గరిటె అంచు పళ్ళ సందున పెట్టి పోయాల్సి వచ్చింది. మాట లేదు. కావలసింది కనుబొమలతో చెప్పేవాడు. ఎడమది ఎత్తితే మంచినీళ్ళు, రెండూ ఎత్తితే ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారని. అవి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలిసేవి కాదు. నేను పక్కన కూర్చుని చెప్పేదాన్ని.

జ్వరం వచ్చింది. వాపు కంటి దాకా పాకి, కన్ను మూసుకుపోయింది. ఆ ముందటేడే పొరుగూళ్ళో ఒకాయన ఇలాంటి పన్నువాపుతోనే పోయాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అందరికీ గుర్తుంది. నాయనమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంటుంటే నాకు మొదటిసారి భయమేసింది.

"బండి కడతాను నాన్నా," అన్నాడు మా నాన్న. "బెజవాడలో పళ్ళ డాక్టరున్నాడు."

నాయనమ్మ తల కొట్టుకుంది. "ఆ గతుకుల్లో బండిలోనా? దవడ ఊడి చేతిలోకొస్తుంది. మన గట్టు మీద తూము దగ్గర తవ్వేశారు కూడాను, చుట్టు తిరిగి ఎప్పటికి పోతారు?"

నాన్న నేలచూపులు చూస్తూ, "అద్దరి బస్సయితే మధ్యాన్నానికి..." అన్నాడు.

తాతయ్య కనుబొమలు రెండూ పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. అది తర్జుమా చెయ్యాల్సిన పని లేకపోయింది.

అప్పుడు మా అమ్మ వంటింటి గుమ్మం దాటి వచ్చింది. మామగారి ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి కాదు అమ్మ. ఏం చెప్పాలన్నా తలుపు చాటునించి, నాయనమ్మతో చెబుతున్నట్టు చెప్పేది. ఆ రోజు వచ్చి ఆయన మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. చేతికి ఆవపిండి ఉంది. తుడుచుకోలేదు.

"మావయ్యగారూ, మీ మాట కోసం ఇన్నేళ్ళూ మా అమ్మ గడప తొక్కలేదండీ నేను," అంది. "ఇంకా ఎన్నేళ్ళన్నా తొక్కను. కానీ ఆ మాట అడగడానికి మీరుండాలి గదండీ. మీరు లేకపోయాక నేనెవరి కోసం ఆగాలి?"

తాతయ్య తెరుచుకున్న ఒక్క కంటితో ఆవిణ్ణి చాలాసేపు చూశాడు. తర్వాత ఆ కన్నూ మూసుకుని, చేత్తో తలపాగా చుట్టుకున్నట్టు సైగ చేశాడు. తువ్వాలు కావాలని. బయల్దేరతానని.

మర్నాడు పొద్దున్నే కాలువ దిగాం. తాతయ్య తలకీ మొహానికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని. ఆ నడక రెండూళ్ళలో గుర్తుపట్టని వాళ్ళెవరు? చేపలు పడుతున్నవాళ్ళు బుట్టలు వదిలేసి లేచి నిలబడ్డారు. నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు నాన్న. నేను చెయ్యి పట్టుకుని ఉంటే తాతయ్య సగంలో వెనక్కి తిరగడని ఆయన ఎత్తు. ఆ చెయ్యి జ్వరంతో కాలిపోతోంది.

అద్దరి గట్టెక్కేసరికి పందిట్లో మాటలాగిపోయాయి. అద్దరి తాతయ్య మజ్జిగ ముంత చేత్తో పట్టుకుని ఉన్నాడు. మావైపు చూశాడు. తువ్వాలు సందున మూసుకుపోయిన కన్ను చూశాడు. మమ్మల్ని పలకరించలేదు. డ్రైవరు వైపు తిరిగి, "ముందు సీటు ఖాళీ చేయించవయ్యా," అని మాత్రం అన్నాడు. ముందు సీట్లో ఉన్న అరిటి గెలలు బస్సు మీదికి ఎక్కాయి. తాతయ్యా నేనూ అక్కడ కూర్చున్నాం.

నాన్న మరచెంబులో నీళ్ళు నింపుకురావడానికి వెళ్ళాడు. ఈలోగా వెనక పిడి తిప్పేవాడి అదృష్టం బాగుండి ఇంజను అంటుకుంది. ఆ బస్సు ఒకసారి కదిలితే ఆపరు. ఆపితే మళ్ళీ కదలదని భయం. నాన్న చెంబు పట్టుకుని, "ఆపండి! ఆపండి!" అంటూ పరిగెత్తుతూ పొగలో కలిసిపోయాడు. నేను ఏడుపందుకున్నాను.

అదే పొగలోంచి అద్దరి తాతయ్య పరుగున వచ్చి ఫుట్‌బోర్డు మీదికి గెంతాడు. ఒంటి మీద చొక్కా లేదు. భుజాన తువ్వాలు, చేతిలో మజ్జిగ ముంత.

"మీరెక్కడికండీ?" అన్నాడు కండక్టరు.

"లాకుల దాకా పనుంది," అన్నాడు ఆయన, ఎటో చూస్తూ.

లాకుల దగ్గర గట్టు ఒక్కసారిగా ఎత్తు ఎక్కుతుంది. బస్సు సగం ఎక్కి, మూలిగి, నిలబడిపోయింది. "మగాళ్ళందరూ దిగండయ్యా, ఒక్క తోపు!" అని డ్రైవరు అరిచాడు. "పెద్దాయనా, మీరు కూచోండి," అన్నాడు మా తాతయ్యతో.

తాతయ్య దిగాడు. ఆయన కూర్చుంటే అద్దరివాళ్ళంతా కలిసి తోశారని జీవితాంతం చెప్పుకుంటారు. అది పన్ను నొప్పికన్నా ఎక్కువ. వెనక పీపా కాలుతుంది గనక పక్కలనించి తొయ్యాలి. అద్దరి తాతయ్య పక్కన మాత్రమే చోటుంది. తాతయ్య వెళ్ళి ఆ పక్కనే భుజం ఆనించాడు. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఇద్దరూ ముందుకే చూస్తున్నారు.

"తొయ్, తొయ్!" బస్సు కదిలింది. కంకర మీద చక్రాలు జారాయి. బస్సు ఒక్క ఊపున వెనక్కొచ్చింది. అద్దరి తాతయ్య కాలు కంకరలో జారి, చక్రం వైపు పడిపోయాడు.

"బావా! కాలు!"

ఆ కేక ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. అన్నాళ్ళుగా గరిటె అంచు తప్ప ఏమీ దూరని నోటినించి వచ్చింది. తాతయ్య ఆయన మొలతాడుతో సహా పంచె పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ గట్టు పక్కన గడ్డిలో పడ్డారు. బస్సు చక్రం ఆయన కింద పెట్టిన మజ్జిగ ముంత మీదినించి వెళ్ళి ఆగింది.

తాతయ్య లేవలేదు. మోకాళ్ళ మీద వంగి నెత్తురూ చీమూ ఉమ్ముతున్నాడు. ఆ కేకతో లోపలి గడ్డ పగిలిపోయింది. అది నాకేం తెలుసు? చచ్చిపోతున్నాడనుకుని గుండెలు బాదుకుంటూ ఏడ్చాను. అద్దరి తాతయ్య కుంటుకుంటూ లాకుల దగ్గరి ఇంట్లోకి వెళ్ళి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు చెంబుతో తెచ్చాడు. ఒక చెయ్యి తాతయ్య వీపు మీద వేసి, రెండో చేత్తో చెంబు పట్టుకున్నాడు.

"పుక్కిలించండి బావగారూ. మింగబాకండి. ఉమ్మెయ్యండి. మళ్ళీ."

చెంబు ఖాళీ అయ్యేదాకా పుక్కిలించాడు. తర్వాత వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి పీల్చి, ముద్దముద్దగా, "మీ బస్సుకి ఎద్దుల్ని కట్టుకోండి," అన్నాడు.

"కడితే మీ ఎద్దుల్నే కట్టాలి. మావి ఇలాంటి నీచప్పనులు చెయ్యవు," అన్నాడు అద్దరి తాతయ్య.

ఇద్దరూ నవ్వలేదు. తాతయ్య తన తువ్వాలు విప్పి ఆయన మోకాలి మీది నెత్తురు తుడిచాడు.

బస్సెక్కాం. లాకులు దాటాం. లాకుల్లో పనున్న మనిషి దిగలేదు. "తాతయ్యా, లాకులు దాటిపోయాం," అన్నాను నేను.

"తెలుసులేవే," అన్నాడు ఆయన.

బెజవాడలో నాకు ముందుగా గుర్తున్నది గుర్రపు లద్దె వాసన. స్టేషను దగ్గర వరసగా జట్కాలు. ఒకటి ఎక్కి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల్నించి తాతయ్య కేక వినిపించినప్పుడు బయట బల్ల మీద అద్దరి తాతయ్య నా చెవులు రెండూ తన చేతులతో మూసేశాడు. తర్వాత డాక్టరు ఒక పళ్ళెంలో పన్ను పెట్టి చూపించి, గడ్డ దారిలోనే పగలడం అదృష్టమనీ, ఇంకా ఆలస్యమైతే తను చేయగలిగిందేమీ ఉండేది కాదనీ అన్నాడు. అద్దరి తాతయ్య తలూపాడు. బయటికొచ్చాక గోడకానుకుని కాసేపు అలా నిలబడిపోయాడు. చొక్కా లేని ఒంటి మీద చెమటలు.

"ఏంటి బావగారూ, పన్ను నాది గదా," అన్నాడు తాతయ్య, చెంప పట్టుకుని.

"ఏం లేదు. పొద్దున్నించి ఏం తినలేదు," అన్నాడు ఆయన.

కాఫీ హోటలుకి వెళ్ళాం. నెయ్యీ కారప్పొడీ వేసిన ఇడ్లీలు వచ్చాయి. తాతయ్య తన ఆకు వంక దిగులుగా చూస్తూ కూర్చున్నాడు. అద్దరి తాతయ్య పాలు తెమ్మని, ఇడ్లీలు గిన్నెలో వేసి, పాలు పోసి, చంటిపిల్లకి కలిపినట్టు వేళ్ళతో మెత్తగా మెదిపి గిన్నె ఆయన ముందుకి జరిపాడు.

"నమలక్కర్లేదు. మింగండి."

తాతయ్య ఆ గిన్నె ఖాళీ చేశాడు. తలెత్తకుండానే, "రేవు మీ ఒడ్డునే ఉండాల్సింది," అన్నాడు.

"ఎక్కడుంటేనేం. పడవవాళ్ళకి మీ ఒడ్డే సుఖం. నాకప్పుడూ తెలుసు," అన్నాడు ఆయన. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "అమ్మాయిని ఒకసారి పంపండి. వాళ్ళమ్మ మోకాళ్ళు బాగా పాడయ్యాయి. గట్టు దిగలేకపోతోంది ఈమధ్య. దిగుతూనే ఉంది."

నా ధ్యాసంతా రంగు సోడా మీద ఉంది.

పొద్దు వాలేవేళకి తిరిగొచ్చాం. కాలువలో నాన్న ఇంకా ఆ మరచెంబు పట్టుకునే ఎదురొచ్చాడు. ఇంట్లో తాతయ్య మంచం మీద వాలి, జావ తాగి, అమ్మని పిలిచాడు.

"అమ్మాయ్, రేపు పొద్దున మీ ఇంటికెళ్ళు."

అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"నీళ్ళు వదిలే రోజులు దగ్గర పడ్డాయి," అంది నాయనమ్మ, సంతోషమైతే ఏదో ఒక పని గుర్తు తెచ్చుకునే అలవాటు కొద్దీ. "అక్కడుండగా వదిలేస్తే ఎట్టా?"

"వదిలితే అక్కడే ఉంటుంది. నీళ్ళొస్తే దోనె రాదా ఏంటి?" అన్నాడు తాతయ్య.

మర్నాడు అమ్మ కొత్త చీర కట్టుకుంది. చంకలో తమ్ముడు, నెత్తిన కొత్త ఆవకాయ జాడీ, పక్కన నేను. పెద్దింటి కోడలు ఎండిన కాలువలోకి దిగుతుంటే మట్టి తవ్వేవాళ్ళు పారలు ఆపి దారి ఇచ్చారు. ఒక ముసలావిడ, "పైపైన నడువు తల్లీ, అక్కడ ఊబుంది," అని చెయ్యి పట్టుకుని దాటించింది. అవతలి గట్టు మీద అమ్మమ్మ నిలబడి ఉంది. మేం దగ్గరికొస్తున్న కొద్దీ ఆవిడ ఏదో అరవబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంటోంది. గట్టెక్కాక అమ్మ జాడీ దించింది. అమ్మమ్మ అమ్మ బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, "ఎంత చిక్కిపోయావే," అంది. ఆ మాట నాకే వినపడీ వినపడనట్టు ఉంది. అమ్మమ్మకి మెల్లగా మాట్లాడే గొంతు కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

ఇక ఆ ఇంట్లో రోజంతా పండగలా ఉంటుందనుకున్నాను నేను. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వస్తారు, అమ్మ నన్ను పట్టుకుని తను ఆడుకున్న చోట్లన్నీ చూపిస్తుంది అనుకున్నాను. అమ్మ ముంజలు రెండు తింది. తమ్ముణ్ణి అమ్మమ్మకిచ్చింది. నడవలో నులక మంచం మీద, "ఒక్క క్షణం వాలతానమ్మా," అని వాలింది. అంతే, నిద్రపోయింది.

మా ఇంట్లో అమ్మ పగటిపూట పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. మధ్యాన్నం భోజనాలకి లేవలేదు. ఆడవాళ్ళు వచ్చి చూసి, గుమ్మంలోనే చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి వెళ్ళారు. అద్దరి తాతయ్య దూడ అరుస్తుంటే కొట్టంలోంచి విప్పి దూరంగా తోలుకెళ్ళాడు. నాకు కోపం వచ్చింది. ఇంత గొడవపడి వస్తే నిద్రా? దగ్గరికెళ్ళి భుజం కుదపబోయాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"లేపబాకే. పడుకోనీ దాన్ని," అంది, గుసగుసగా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాటాకు విసనకర్రతో అమ్మకి విసురుతూ ఉంది. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకునేది. అమ్మ నోరు కాస్త తెరుచుకుని ఉంది. జడ మంచం మీదినించి నేలకి జారింది. మొహం మీద ఏ పనీ లేదు. నేను అప్పటిదాకా చూడని ఒక చిన్నపిల్ల అక్కడ పడుకుని ఉన్నట్టుంది.

ఆ తర్వాత ఎన్నో జరిగాయి. నీళ్ళొచ్చాయి, పడవలొచ్చాయి, పోయాయి. కాలువ మీద వంతెన కట్టారు. మామూలు బస్సులొచ్చాయి. తాతయ్యలిద్దరూ చివరిదాకా ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూనే ఒకే అరుగు మీద కూర్చున్నారు. అమ్మ పుట్టింటికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళింది. తర్వాత ఆ ఇల్లూ పోయింది, అమ్మమ్మా పోయింది, అమ్మా పోయింది. నేను ఇప్పుడు ఆ ఇద్దరూ బతికిన వయసులు దాటి ఉన్నాను.

అమ్మని తలుచుకుంటే పొయ్యి ముందు మొహమో, బిందె మోసిన నడుమో గుర్తు రావాలి. జీవితమంతా ఆవిడ చేసింది అదే. నాకు మాత్రం ముందుగా ఆ నులక మంచమే కనిపిస్తుంది. వేసవి మధ్యాన్నం, నడవలో నీడ, పక్కన విసురుతూ అమ్మమ్మ, వాళ్ళమ్మ ఇంట్లో పడి నిద్రపోతున్న మా అమ్మ.